కాగితానికి రెండో వైపు

1993 ఆగస్టు పదహారవ తేదీ సోమవారం నాడు మన విశ్వవిద్యాలయ ఆంగ్ల శాఖలో అధ్యాపకురాలిగా చేరిన ఆచార్య సునంద గారు, దాదాపు ముప్పై మూడు సంవత్సరాల సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భాన నాలుగు మాటలు రాసే బాధ్యత నాకు అప్పగించినందుకు శాఖకు కృతజ్ఞతలు.

తనకల్లులో చిల్లర అంగడి నడిపిన రామకృష్ణయ్య, లలితమ్మ దంపతుల కుమార్తె సునంద గారు. పప్పులు, బెల్లం పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత ఇంగ్లీషు పత్రికల్లోనే ఆమె తొలిసారి కథలు చదివారు. చివరి పేజీ ఎవరో ఒకరి ఇంటికి పొట్లమై వెళ్లిపోయేది గనుక, ముగింపులు తానే ఊహించుకునేవారట. ఆ అలవాటే ఆమెను సాహిత్య విద్యార్థినిగా, అటుపై అధ్యాపకురాలిగా నిలబెట్టిందని నా నమ్మకం.

తొలి పదేళ్లు నాటకం, కవిత్వం బోధించారు. ఆమె తరగతిలో కిటికీలు ఎండకాలంలోనూ తెరిచే ఉండేవి. వేడిగాలికి కాగితాలు లేచిపోకుండా ఒక్కో బల్లపై ఒక్కో గుండ్రాయి ఉండేది. 2004లో డాక్టరేటు, 2008లో ఆచార్య పదవి పొందారు. ఆ మరుసటి సంవత్సరమే సృజనాత్మక రచనను ఎం.ఏ.లో ఒక పేపరుగా ప్రవేశపెట్టాలని పాఠ్యప్రణాళిక సమావేశంలో ప్రతిపాదించారు.

"మన పిల్లోళ్లకు ఉద్యోగమిచ్చే ఇంగ్లీషు కావల్ల గానీ కతలెందుకమ్మా?" అని ఒక పెద్దాయన నవ్వారు.

"ఉద్యోగమొచ్చినాంక చెప్పుకునేదానికి వాళ్లకూ ఒక మాట ఉండల్ల కద సార్" అన్నారు ఆమె. పేపరు మంజూరైంది.

2014లో జరిగిన ఒక సంఘటన చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఎర్రప్ప, చౌడమ్మ గార్ల కుమార్తె లహరి అప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరం. సునంద గారి పేపరు కోసం తన ఇంటి గురించి ఇంగ్లీషులో ఒక రచన చేసింది. చీకటి గది, ఆకలికి వంగిపోయిన తండ్రి, మౌనంగా కన్నీరు కార్చే తల్లి. మేమందరం మెచ్చుకున్నాం. ఆ సంతోషంలో లహరి దాన్ని ఇంట్లో తెలుగులో చదివి వినిపించింది. మరునాటి నుంచి తరగతికి రాలేదు. తండ్రి చదువు మాన్పించాడని పది రోజులకు తెలిసింది. చివరి పరీక్షలకు ఇంకో నెలే ఉంది.

ఆదివారం పొద్దున్నే సునంద గారు ధర్మవరం బయలుదేరారు. తోడుగా నేను వెళ్లాను. ఆమె ఏమాత్రం తొణకకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టారు. ఎర్రప్ప గారు మగ్గం మీద నుంచి లేవలేదు.

"మీరేనా మేడమ్, ఇంటి సంగతి రాయమనింది?"

"నేనేనన్నా."

"తిండికి లేక వంగిపోయినానని రాసిందే మా పాప! మీ ఇంగ్లీషులో మేము అట్లనే కనపడల్లనా?"

సునంద గారు మగ్గం పక్కన నేల మీదే కూర్చున్నారు. "తప్పు పాపది కాదన్నా, నాది. మేము చదివిచ్చిన కతల్లో నేసేవాళ్లంతా అట్లనే ఉండారు. ఈ పాప వాళ్లను చూసి రాసింది, మిమ్మల్ని చూసి కాదు. యాడ తప్పుండాదో మీరే చెప్పండి, దిద్దుకుంటుంది."

ఆయన చెయ్యి ఆగింది. "యాడని చెప్పేది? మొదటి మాటే తప్పు. చీకటి గదంట! రెండు ట్యూబులైట్లు యాలాడతాండాయి. చీకట్లో రంగెట్ల తెలుస్తాది?"

లోపలి నుంచి చౌడమ్మ గారు అందుకున్నారు: "నేను యాడ ఏడ్చినానే? ఆ పొద్దు పట్టు చుడతా మీ మేనత్తను తిడతాంటి!"

లహరి నవ్వింది. ఆ వెంటనే ఎర్రప్ప గారూ నవ్వారు. మధ్యాహ్నం దాకా దిద్దుబాట్లు సాగాయి. మేము లేచేటప్పుడు ఆయన అన్నారు: "రేప్పొద్దున బస్సుకు పంపిస్తా. అయితే మళ్లా రాసినాంక నాకు చదివి చెప్పల్ల."

ఆ షరతునే సునంద గారు శాఖ నియమం చేశారు. ఎవరి గురించి రాస్తే వారికి చదివి వినిపించాలి. వారన్న మాట వారి మాటల్లోనే కాగితానికి రెండో వైపు రాసి తేవాలి. ఆ వైపు ఖాళీగా ఉంటే మార్కులు లేవు. కరోనా కాలంలో తరగతులు మూతపడినప్పుడు కూడా కుందుర్పి నుంచి ఒక అవ్వ అభ్యంతరం ఫోన్‌లో రికార్డయి వచ్చింది. సాహిత్యం చదవడమంటే మనుషుల ముందు జవాబుదారీగా నిలబడడమని మాకు ఉపన్యాసంతో కాక, ఆచరణతో చూపిన వ్యక్తి ఆమె. ఇన్నేళ్లు పక్క గదిలో పనిచేసినా ఆమెను చూస్తే కలిగే ఆశ్చర్యం నాకు తీరలేదు. నిరుడు మన శాఖలోనే అధ్యాపకురాలిగా చేరిన లహరి, జూలై నుంచి ఆ పేపరు బోధించబోతోంది.

నియమం నాకూ వర్తిస్తుంది గనుక ఈ వ్యాసాన్ని నిన్న సునంద గారికి చదివి వినిపించాను. రెండో వైపు రాయమని ఆమె చెప్పిన మాట ఇది:

"తొణకలేదని రాసినావే, అది తప్పు. గడప కాడ చెప్పులు ఇడిసేటప్పుడు తిరిగి పోదామనుకున్నా. పాప గోడకానుకొని నా పక్కే చూస్తాండె. అందుకని లోపలికి పోయినా."

తొణకకుండా అన్న నా వాక్యాన్ని కొట్టివేయకుండా, రెండో వైపున ఈ దిద్దుబాటును ఉంచుతున్నాను. ఆమె ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలనీ, మేము రాసేవన్నీ ఇలాగే విని మా తప్పులు చెబుతూనే ఉండాలనీ శాఖ తరఫున మనసారా కోరుకుంటున్నాను.