పొట్టు గుంతకు తోడు పెట్టిన మునీశ్వరి గారు

1991వ సంవత్సరం జూలై పదిహేనవ తేదీన మదనపల్లెలోని మా ప్రయోగశాలలో సహాయకురాలిగా శ్రీమతి మునీశ్వరి గారు బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు నలభై రెండు, చదువు పదవ తరగతి. గాజు పాత్రలు కడగడంతో ఉద్యోగం మొదలుపెట్టి, కడగకూడనిది ఏదో కూడా మాకు నేర్పి, ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు.

1996లో వారు పుంగనూరు శాఖకు బదిలీ అయ్యారు. అక్కడ టమోటా రైతులు పురుగుమందు పంపులు కడిగిన నీరు కాలువలో కలిసి, దిగువనున్న కృష్ణప్ప గారి మల్బరీ తోటకు పారేది. ఆ ఆకు తిని రెండు పంటల పట్టుపురుగులు వరుసగా చచ్చిపోయాయి. మునీశ్వరి గారు కాలువ పక్కనున్న శాఖ ఆవరణలో గుంత తవ్వించి, వేరుశనగ పొట్టు, మట్టి, పేడ కలిపి నింపి, కుళ్లిన కట్టెల మీద పెరిగే తెల్లని శిలీంధ్రాన్ని అందులో పెంచారు. రైతులు పంపులు కడిగిన నీటిని దానిమీద చుక్కచుక్కగా వదిలితే, ఆ శిలీంధ్రమూ సూక్ష్మజీవులూ కలిసి మందును విచ్ఛిన్నం చేసేవి. అడుగున దిగిన నీటిలో మందు దాదాపు లేదని పరీక్షలో తేలింది.

కృష్ణప్ప గారికి ఆ నివేదిక చూపించారు.

"నా పురుగు కాయితం తినదమ్మా, ఆకు తింటాది. ఆ నీళ్లలో తడిపిన ఆకు యాభై పురుగులకు ఏసి సూస్తా. అవి సచ్చినాయంటే తోట పెరికేసి నేనూ టమోటానే పెడతా."

1998లో ఆయుధపూజ ముగిసి కార్యాలయం తెరిచిన రోజున ఆ పరీక్షకు రమ్మని మునీశ్వరి గారు ఆయనకూ, మదనపల్లె అధికారులకూ చెప్పారు. ఆ ఉదయం గేటు దగ్గరే మునీశ్వరి గారికి ఫినాయిల్ వాసన కొట్టింది. అటెండరు రామప్ప ఎదురొచ్చాడు.

"గుంతంతా తెల్లగా బూజు పట్టిండె కదమ్మా! పండగ పూట ఎందుకట్ల పెట్టుకోవాలని శుద్ధంగా కడిగేసినా."

ఆమె ముఖం చూశాక రామప్పకు విషయం అర్థమైంది. తెల్లగా పట్టినదల్లా మురికేనా? దేవుడి పేర కడిగిన చోట ప్రాణులుంటే ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది? అతడు ఇలా ఆలోచిస్తుండగానే కృష్ణప్ప గారు పురుగుల తట్టతో లోపలికి వచ్చారు. వెనుకనే మదనపల్లె నుంచి అధికారులూ వచ్చారు. వేరొక రోజు చూద్దామని ఏదో ఒక సాకు చెబితే సరిపోయేది.

"వద్దప్పా, ఈ దినం ఆకు తడపొద్దు. గుంతలో ఫినాయిల్ పడింది. తప్పు మాదే," అన్నారు మునీశ్వరి గారు అందరి ముందూ. ఎవరు పోశారని అధికారులు రెండుసార్లు అడిగినా, "మాదే" అన్నారు.

కృష్ణప్ప గారు నవ్వేశారు. "పండగకు గుంతకే తలంటు పోసినారే! పురుగులు తినకముందే సెప్పినావు, అది సాలు. మళ్లా పెట్టమ్మా, మళ్లా వస్తా."

మళ్లీ పెట్టడానికి మార్గముంది. ఆ గుంతలోని పొట్టు కొంత మునీశ్వరి గారు ముందే ఒక కుండలో దాచి, తడి ఆరకుండా చూసుకుంటున్నారు. ఎందుకని రామప్ప అడిగాడు.

"ఇంట్లో పెరుగుకు తోడు లేకుంటే పక్కింటికి పోతాము. దీనికి పక్కిల్లు యాడుండాది రామప్పా?"

మూడు నెలలకు గుంత మళ్లీ తెల్లబడింది. కృష్ణప్ప గారి యాభై పురుగులు ఆ నీటిలో తడిపిన ఆకు తిని, నలభై ఎనిమిది గూళ్లు కట్టాయి. మిగతా రెండూ బద్ధకంతో కట్టలేదని కృష్ణప్ప గారు ఈనాటికీ వాదిస్తారు. తోట పెరకలేదు. నాటి నుంచి ఆయుధపూజకు గుంత గట్టున కుంకుమ పెట్టేది రామప్పే. చీపురుతో ఎవరినీ దగ్గరికి రానివ్వడు.

2003లో బదిలీపై కుప్పం వెళ్లిన మునీశ్వరి గారు, అక్కడ తవ్వించిన రెండు గుంతలకూ పుంగనూరు పొట్టుతోనే తోడు పెట్టారు. మొన్న చివరిసారిగా పుంగనూరు వచ్చి, ఆ పాత కుండను రామప్ప చేతిలో పెట్టి, "ఎండనీయొద్దు" అని మాత్రం చెప్పి వెళ్లారు.

రామప్ప ఎండనీయడు. ఆ కుండలో తడి ఆరనంత కాలం, మునీశ్వరి గారు తమ కుటుంబంతో ఆయురారోగ్యాలతో చల్లగా ఉండాలనీ, ఏటా మా ఆయుధపూజకు వచ్చి తొలి కుంకుమ వారే పెట్టాలనీ ఆ భగవంతుణ్ణి వేడుకుంటున్నాము.