పడమటి కిటికీలు

సమార్ దీవి పడమటి తీరంలో, తాటాకులాంటి నీపా కప్పిన ఇంటి మెట్ల మీద ముసలి జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. ఇళ్ల నమూనాలు గీసే అమ్మాయి టేపుతో అతని కిటికీలు కొలుస్తోంది.

“మూడు రోజులుగా నా ఇల్లెందుకు కొలుస్తున్నావమ్మా?”

“ఏసీ లేకుండానే చల్లగా ఉంది కదా తాతా. ఇలాంటిదే ఆ దిబ్బ మీద పర్యాటకుల కోసం కడుతున్నాం. గాలి ఎటునుంచి వస్తుంది?”

“పడమర నుంచి. కిటికీలన్నీ అటే పెట్టు.”

“మరి మీ ఇంటికి అటువైపు ఒక్కటీ లేదేం?”

“కనిపెట్టేశావే. అటు పెడితే వానంతా మంచం మీదే.”

“నాకెందుకు అబద్ధం చెప్పారు?”

“పోయినసారి కొలతలకొచ్చినవాళ్లు మా తమ్ముడి ఇల్లు ఖాళీ చేయించారు. నువ్వు కట్టేదానికి కంచె ఉందా?”

ఆమె చేతిలోని నమూనా కాగితం వైపు చూసింది.

“ఉంది తాతా. నీళ్ల దాకా.”

“అయితే గాలి సంగతి ఆ కంచెనే అడుగు.”