ఐదో చిల్లు

శనివారం గురి పోటీల లీగ్ ముగిశాక లీలండ్ తుపాకుల దుకాణం వరండాలో కాఫీ తాగకుండా ఇంటికి పోయిన మగవాడు పోర్టర్ ఏటి పక్కన ఇంతవరకూ పుట్టలేదు. అక్కడ తుపాకులు పేలేది గంటసేపు, పేలినవాటి గురించి మాటలు నడిచేది మూడు గంటలు. ఆ మూడింటిలో రెండున్నర వెండెల్ స్ట్రౌడ్‌వి.

ఆ రోజు ఆయన్ని కదిపింది ట్వైలా. కోళ్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేస్తుంది. ఒదిలేసిన మొగుడు దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన కాయితం ఆమె కారులోనే ఉంటుంది. ఆ కాయితం ఉండగానే వాడు రెండుసార్లు వచ్చిపోయాడు. ఆమె ఉండే కంకరరోడ్డుకి షెరీఫ్ పోలీసు బండి రావాలంటే నలభై నిమిషాలు. ఆలస్యమైన న్యాయం అన్యాయమేనని గోడల మీద రాసే దేశంలో, నలభై నిమిషాలు ఆలస్యమైతే ఎంత అన్యాయమో లెక్క చెప్పేవాళ్లు లేరు. అందుకని ఆమె కవరులో మూడు వందల నలభై డాలర్లు పెట్టుకుని వచ్చింది. నొక్కితే పేలాలి, చూసినచోట తగలాలి, అంతకు మించి ఒక్క డాలరు కాకూడదు, ఏ పిస్టల్ కొనమంటారని అడిగింది.

అద్దాల బీరువాలో చవగ్గా ఒకటుంది కానీ పాతది, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, అచ్చం అలాంటిదే వెండెల్ దగ్గరుంది గనక ఆయన్నే అడగమన్నాడు లీలండ్. ఆకలిగా ఉన్నవాణ్ణి పెళ్లిభోజనానికి పిలిచినట్టయింది.

వరండా చివర బల్ల మీద లీగ్‌లో కాల్చిన టార్గెట్ కాయితాలు పరుచుకుని మార్కులు వేస్తున్న నడీన్ పెన్సిల్ ఆగింది. వెండెల్ ఆమె తండ్రి. తర్వాత ఏం రాబోతోందో ఆమెకి ప్రార్థన కంటే బాగా కంఠతా వచ్చు.

“నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను తల్లీ, కావాలంటే వీళ్లనడుగు,” అన్నాడు వెండెల్. పక్క కుర్చీలో ముసలి హోబర్ట్ కాఫీలోకి దగ్గాడు. “ఇదిగో, దీన్ని నేను డీకన్ అంటాను. చర్చిలో పెద్దమనిషి, డీకన్ అయినా ఏ ఆదివారమో నాగా పెడతాడు గానీ ఇది పెట్టదు. వానలో, సంతలో, గుడారం కింద కొన్నాను. ఆ అమ్మేవాడు పదకొండు పిస్టళ్లు పరిచాడు. వాటిల్లో పది, ఒక్కోటీ కొత్తపెళ్లికూతురిలా తళతళమంటూ, ధర చూస్తే కళ్లు తిరిగేలా ఉన్నాయి. ఇదొక్కటే మూల కూర్చుని నా వంక చూస్తోంది. ఇంటికి తెచ్చి పాతిక గజాల్లో కాయితం కట్టి ఐదు కాల్చాను. ఎక్కువ కాదు, ఐదే.”

పర్సులోంచి మడతలు పడ్డ కాయితం తీశాడు. చేతిలోంచి వదలకుండా, దూరం నుంచే చూపించాడు. నడిమధ్యన నాలుగు చిల్లులు ఒకదాన్నొకటి ఆనుకుని పువ్వులా ఉన్నాయి. ఐదోది బొటనవేలంత దూరంలో ఒంటరిగా ఉంది. కాల్చినవాళ్ల పేరు రాసే మూల మాత్రం చిరిగిపోయి ఉంది.

“మరి ఆ ఐదోది?” అంది ట్వైలా.

“అడుగుతావని తెలుసు. సరిగ్గా నేను నొక్కబోతుంటే కాయితం మీద జోరీగ వాలింది. గుర్రాలకి ప్రాణాంతకం కదా అని దాన్ని కొట్టాను. కావాలనే కొట్టాను.”

“ఆడదా మగదా?” అన్నాడు హోబర్ట్.

“రెక్క మిగల్లేదురా చూడ్డానికి. సరే, ఆ ఏడు వరదలొచ్చాయి. పడవ తిరగబడి డీకన్ ఏట్లో పడిపోయింది, నేను ఏడవలేదు గానీ వారం రోజులు అన్నం సహించలేదు, చలికాలం పోయింది, వసంతం వచ్చింది, గాలం వేస్తే దూడంత జెల్ల చేప పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కడుపు కోస్తే లోపల డీకన్. నాచు పట్టి, బురద పట్టి, చేప పిత్తమంతా పట్టి ఉంది. తుడవలేదమ్మా, ఊదను కూడా ఊదలేదు, అలాగే ఎత్తి నొక్కాను. పేలింది. పైన పోతున్న బాతు వచ్చి సరిగ్గా పెనంలో పడింది.”

“పెనం ఎక్కణ్ణుంచొచ్చింది?” అన్నాడు హోబర్ట్.

“చేప వేయించడానికి పెట్టాను కదా. వినవేంరా. ఆ తర్వాత సుడిగాలి. అది మీ అందరికీ గుర్తే. హోబర్ట్ దొడ్డిని పక్క జిల్లాలో దింపిన సుడిగాలి. అది వచ్చి మా ఇంటి పైకప్పు పట్టుకుంది. మేకులు ఒక్కోటి పైకి లేస్తున్నాయి, కీచుమంటూ, పళ్లు పీకుతున్నట్టు. సుత్తి లేదు, ఉన్నా నిచ్చెన ఎగిరిపోయింది. ఏం చెయ్యను? వాకిట్లో వెల్లకిలా పడుకుని, లేచిన మేకుని లేచినట్టు గుండుతో తల మీద కొట్టి దింపాను. ఏడు మేకులు, ఏడు గుళ్లు. ఎనిమిదోది లేవబోయి, డీకన్ని చూసి దానంతట అదే దిగిపోయింది.”

వరండా అంతా నవ్వింది. ట్వైలా కూడా నవ్వింది. ఆమె నవ్వడం నడీన్ ఇంతకు ముందు చూడలేదు. కానీ నవ్వుతూనే ట్వైలా చూపు అద్దాల బీరువా మీదికి పోయింది. మేకుల కథ ఎవరూ నమ్మరు. చేప కథ పసిపిల్ల కూడా నమ్మదు. కాయితం సంగతి వేరు. కాయితం కళ్లెదుటే ఉంది. పెద్ద అబద్ధాలన్నీ కలిసి ఆ చిన్న అబద్ధాన్ని నిజంలా నిలబెట్టాయి.

నడీన్ పెన్సిల్ కింద పెట్టింది.

ఆమెకి పద్నాలుగేళ్లప్పుడు, తెల్లవారి ఇంకా మంచు ఆరకముందే, పిచ్చి పట్టిన నక్క కోళ్లగూటి దగ్గరికి వచ్చింది. తండ్రి డీకన్ తీసుకుని వెళ్లాడు. రెండు గుళ్లు నేలలోకి పోయాయి. మూడోది కాల్చగానే ఖాళీ తూటా బయటికి రాకుండా పిస్టల్ నోట్లో చేపముల్లులా అడ్డంగా నిలబడిపోయింది. నక్క ఆయన మీదికే వస్తోంది, ఆయన చేతులు వణుకుతున్నాయి. దాన్ని ఆపింది నడీన్, అమ్మమ్మ ఇచ్చిన, సన్న గుళ్లు పేల్చే చిన్న ఇరవైరెండు పిస్టల్‌తో. తర్వాత ఆయన కొట్టం వెనక చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు, నీకు గురి ఉందో లేదో చూద్దామని కాయితం కట్టి, ఆ ఇరవైరెండుతోనే ఆమె చేత ఐదు కాల్పించాడు. ఆ కాయితం గోడకి ఎక్కలేదు. నెల తిరిగేసరికి ఆయన పర్సులోంచి వచ్చింది, మూల చింపుకుని.

పదిహేడేళ్లుగా ఆమె ఆ సంగతి మాట్లాడలేదు. ఆ వణికిన చేతులు చూసింది గనక మాట్లాడలేదు. అది ప్రేమే అనుకుంది. పాపం, ముసలాయన, ఎవరికి నష్టం అనుకుంది. అన్యాయం ఎదుట మౌనంగా ఉండటమంటే అన్యాయం పక్షాన ఉండటమేనని ఎక్కడో చదివినప్పుడు, ఆ వాక్యం కింద గీత కూడా గీసింది. గీత గీయడానికి ఖర్చేముంది.

ట్వైలా కవరు తీసింది. లేచి లీలండ్‌తో, అదే ఇచ్చెయ్యండి, మిగిలిన డబ్బుతో తలుపుకి గడియ కూడా వేయించుకుంటానంది.

నడీన్ కూడా లేచింది. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే రెండు ఇత్తడి కడ్డీలు తీసింది. టార్గెట్ మీద వృత్తం గీతకి తగిలిన గుండుకి ఎన్ని మార్కులో తేలనప్పుడు చిల్లులోకి కడ్డీ దింపి చూస్తారు. లావుది డీకన్ లాంటి తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టళ్లకి, సన్నది ఇరవైరెండుకి. లీగ్‌లో ఆ కడ్డీ చెప్పిందే తీర్పు, దాని మీద అప్పీలు లేదు.

“నాన్నా, ఆ కాయితం ఒకసారి ఇవ్వు.”

కూతురు కూడా సాక్ష్యం చెబుతుందనుకున్నాడో ఏమో, సంబరంగా ఇచ్చాడు. ఇచ్చాక ఆమె చేతిలో కడ్డీలు చూశాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఆమె కాయితాన్ని బల్ల మీద పరిచి, లావు కడ్డీని ఐదో చిల్లు మీద పెట్టింది. దిగలేదు. పైనే నిలబడిపోయింది. సన్నది పెట్టింది. చిన్న చప్పుడుతో దిగి, అక్కడే పుట్టినట్టు కూర్చుంది.

“తొమ్మిది పట్టలేదు,” అంది, మార్కులు చదివే గొంతుతోనే. “ఇరవైరెండు పట్టింది.”

ట్వైలాకి అర్థం కాలేదు. అంటే ఏమిటని అడిగింది.

“అంటే ఈ కాయితాన్ని కాల్చింది డీకన్ కాదు.”

హోబర్ట్ కప్పులోకి చూసుకున్నాడు. మిగతావాళ్లూ అంతే. వాళ్లంతా చిన్నప్పట్నుంచీ తుపాకులతో పెరిగినవాళ్లు. ఆ చిల్లులు మరీ సన్నవని వాళ్లలో ఒక్కడికైనా తెలియకపోలేదు. ప్రతి శనివారం చూశారు, ప్రతి శనివారం తలలూపారు. అబద్ధం బతకడానికి ఒక్క నోరు చాలదు, పది తలలు కావాలి. ఆ పది తలలూ ఇప్పుడు దించుకుని ఉన్నాయి.

వెండెల్ పర్సు మూసి జేబులో పెట్టుకున్నాడు. నడీన్‌కి గెలిచినట్టనిపించలేదు. ఇంట్లో, వంటింట్లో, ఇద్దరే ఉన్నప్పుడు ఈ మాట చెప్పడానికి ఆమెకి పదిహేడేళ్ల టైముంది. అప్పుడు దాచుకుని, ఇప్పుడు పదిమందిలో ఆయన బట్టలు విప్పింది. నిజం చెప్పినందుకు కాదు, దాన్ని ఇంత ఖరీదయ్యేదాకా ఆపినందుకు ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు.

“మూడో గుండు సంగతి నువ్వే చెప్పు నాన్నా,” అంది మెల్లిగా.

ఆయన డీకన్ని ఒరలోంచి తీసి, గుళ్ల పెట్టె ఊడదీసి, లోపల ఏమీ లేదని అందరికీ చూపించి బల్ల మీద పెట్టాడు.

“మూడోదానికి ఇరుక్కుంటుంది,” అన్నాడు ట్వైలాతో. “ఒకసారి నాలుగోదానికి. ఇది కొనకు తల్లీ. దీన్ని నమ్ముకుని వాకిట్లో నిలబడ్డవాణ్ణి నేనే. నీకు వెనక నిలబడటానికి ఎవరూ లేరు.”

ఆయన సొంత గొంతు అంత చిన్నదని వరండాకి ఆ రోజే తెలిసింది. కాయితం మీద వేలు పెట్టాడు.

“ఈ నాలుగూ మా అమ్మాయివి. ఐదోది కూడా అక్కడే పడేది. వెనక నిలబడి నేనే శభాష్ అన్నాను. ఉలిక్కిపడింది.”

నడీన్ తలెత్తింది. పదిహేడేళ్లుగా తన చెయ్యే జారిందనుకుంటోంది. వెనక నుంచి ఏదో వినిపించిన గుర్తుంది గానీ, అది కొట్టం తలుపు చప్పుడనుకుంది.

లీలండ్ ఆ చవక పిస్టల్ని బీరువాలో వెనక్కి పెట్టేసి, గీతలు పడ్డదొకటి తీశాడు. పోలీసులు వాడి వదిలేసింది, ఆమె డబ్బుకి సరిపోతుంది. ముందు కాల్చి చూడమన్నాడు. యాభై గుళ్లు తనే ఊరికే ఇస్తానన్నాడు, యాభైలో ఒక్కటి ఇరుక్కున్నా కొనొద్దన్నాడు. ఎవరి కాయితాన్నీ నమ్మకు, నీ కాయితం నువ్వు చూసుకో అన్నాడు. ఆ మాట అతను మొదటే అని ఉండొచ్చు. అతనికీ అది తెలిసినట్టే ఉంది. ధర చెప్పేటప్పుడు మొహంలోకి చూడలేదు.

ట్వైలా చెవులకి చప్పుడు ఆపే కప్పులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని కాల్చేచోట గీసిన గీత దగ్గర నిలబడింది. వెనక బెంచీ పక్కన వెండెల్ వచ్చి నిలబడ్డాడు. పక్కనే నడీన్. మొదటిది కొంచెం కిందికి పోయింది. రెండోది నల్లటి వృత్తంలో పడింది. మూడోది పేలింది, ఖాళీ తూటా ఎగిరి సిమెంటు మీద గలగలమంది. వెండెల్ పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు. నాలుగోది రెండోదాన్ని ఆనుకుని పడింది.

ఆయన పెదాలు విడిపోవడం నడీన్ చూసింది. ట్వైలా చెవులకి కప్పులున్నాయి, కొండెక్కి అరిచినా వినపడదు. అయినా ఆయన అరచెయ్యి ఎత్తి, నోటికి అడ్డంగా గట్టిగా అదుముకుని, ఐదోది పేలేదాకా అలాగే నిలబడ్డాడు.