అరువు తెచ్చిన పిల్లలు

సూరీడమ్మ ఉంది సూడండి, ఉప్పుమడుల పాలెం బడిలో పిల్లలకి అన్నం వండే మనిషి, ఆవిడకి ఒకత్తే మనవరాలు, నూకాలని. ఆ బడికి మాస్టారు ఒక్కడే అంట, తరగతులేమో అయిదు. ఒక తరగతికి ఎక్కం సెప్తంటే మిగతా నాలుగూ కొట్టుకునేయంట. పైగా ఎండలు ముదిరితే పిల్లలు ఉప్పు మొయ్యడానికి పోతారు, ఇంక మార్కులెక్కడివి? ఏమైందంటే, పెద్దాపీసరు వచ్చి లెక్కలు అడుగుతాడు, సగంమందైనా సెప్పకపోతే బడి మూసేత్తాడు అని కబురొచ్చింది. మూసేత్తే నూకాలు నెత్తికి ఉప్పు తట్టే అనుకో. సూరీడమ్మ మాస్టారు దగ్గరికెళ్లి, "పెళ్లిచూపులకి పక్కింటోళ్ల పరుపూ గళాసులూ తెచ్చుకోమా బాబూ? టౌను బడిలో బాగా సదివేవోళ్లని ఓ పాతికమందిని ఒక్క పూటకి తెచ్చీండి" అందంట. తప్పు కదా సూరీడమ్మా అన్నాడంట మాస్టారు. "తప్పే బాబూ. మరి ఒక్క మాస్టారికి అయిదు తరగతులియ్యడం ఒప్పా?" టౌను హెడ్మాస్టరేమో మూడు కేజీల రొయ్యలకి ఒప్పుకున్నాడంట. ఒరే అప్పన్నా, నవ్వకు, నువ్వైతే కేజీకే ఒప్పుకుందువు.

ఆపీసరు వచ్చాడు. ఆయన అడగడమేటి, టౌను పిల్లలు టకటకా సెప్పెయ్యడమేటి! మన పిల్లలు గోడవతల నక్కి సూత్తన్నారు. బెంచీ లేదు, ఫ్యాను లేదు, నేల మీద కూచుని ఇంత సదువా అని ఆపీసరికి కళ్లు తిరిగాయంట. ఆ ఊపులోనే టౌను బడికెళ్లాడు. అక్కడ సదివేవోళ్లంతా ఇక్కడే ఉన్నారు కదా, మిగిలినోళ్లు ఎనిమిదో ఎక్కం దగ్గరే నీళ్లు నమిలారు. "ఫ్యాన్ల కింద నిద్దరోతన్నారు మీరు! నేల మీద కూచోండి, అప్పుడొత్తాది సదువు" అని ఎగిరెగిరిపడి, బెంచీలూ ఫ్యాన్లూ, ఇద్దరు మాస్టర్లతో సహా పాలేనికి పంపెయ్యమని అక్కడికక్కడే కాయితం రాసేశాడంట.

టౌను హెడ్మాస్టరు ఉరుక్కుంటా పాలెం వచ్చాడు. పిల్లల్నిచ్చిన పాపానికి బెంచీలు పట్టుకుపోతారా, ఉండండి, ఆపీసరికి నిజం సెప్పేత్తాను అన్నాడంట. సూరీడమ్మ కొంగు సద్దుకుని, "సెప్పండి బాబూ. రొయ్యలు రుచిగా ఉన్నాయో లేదో అదీ సెప్పండి" అంది. ఆయన వచ్చిన దారినే ఎళ్లిపోయాడు.

ఇప్పుడా? ఇప్పుడు నూకాలు లెక్కలు గడగడా సేసేత్తందంట. పిల్లలు ఆళ్లే, బుర్రలూ అయ్యే, మాస్టర్లే ముగ్గురయ్యారు. ఆపీసరు మాత్రం నేల మీద కూచుంటేనే సదువొత్తాదని ఈరోజుకీ ప్రతి మీటింగులో సెప్తన్నాడంట. మెత్తటి కుర్చీలో కూచుని.