అన్నయ్య గొంతుకు తాళం

హలో… ఆ, నేనే సార్. రేడియో చెల్లెల్ని. … ఆఫీసులో మీరంతా అన్నయ్యని అలాగే పిలిచేవారట కదా, నోరు మూయడని. … అన్నం తింటున్నారా? కానివ్వండి, నేను మళ్ళీ— … సరే అయితే.

మీరు పొద్దున చెప్పినవన్నీ చేశాను సార్. అన్నయ్య పెన్‌డ్రైవ్ పెట్టాను. పాస్‌వర్డ్‌ల ఫోల్డర్ నా లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మీరన్న ప్రోగ్రాం వేసుకున్నాను. ఆ నల్ల తెర తెరిచి, పేర్లన్నీ చూపించమని కమాండ్ కొట్టాను. ‘గొంతు’ అని పెట్టుకున్నదాన్ని తెరవడం ఒక్కటే మిగిలింది…

… ఆ, పేర్లు వచ్చాయి. బ్యాంకు, కరెంటు, మెయిల్, గొంతు… కొమ్మల్లా కిందికి దిగాయి. వదిన చప్పట్లు కొట్టేసింది. ఆ ఒక్క పాస్‌వర్డ్ దొరికితే గొంతు తీసేసే ఆపరేషన్‌కి ముందు అన్నయ్య తన మాటలు రికార్డు చేసి దాచుకున్నవన్నీ వచ్చేస్తాయి కదా. అవి మాట్లాడే యాప్‌లోకి ఎక్కిస్తే, తను టైపు చేసింది అది తన గొంతుతోనే చదువుతుందట.

… లేదు సార్. తెరుచుకోలేదు.

… చదువుతాను ఉండండి. ‘డిక్రిప్షన్ ఫెయిల్డ్. నో సీక్రెట్ కీ.’ … అంతే. ఇంకేం లేదు.

… పాస్‌ఫ్రేజ్ తెలుసు సార్, అన్నయ్య పలక మీద రాసిచ్చాడు. … అబ్బే, ఫోన్లో చెప్పనులెండి, ఆయన ఊరుకోడు. వదిన కాఫీ మీద ఓ తిట్టు. ‘ఇన్నేళ్ళూ రోజూ కంప్యూటర్‌కి చెప్పుకుంటున్నది ఇదా’ అని ఆవిడ పలక లాక్కుంది. … నవ్వాడు సార్. చప్పుడు రాదుగా… భుజాలు ఊగాయి.

కానీ అది నన్ను అడగనే లేదు. … అదే, పాస్‌ఫ్రేజ్. అడుగుతుందన్నారు కదా మీరు. గడి కూడా రాలేదు. నేరుగా ఆ ముక్కే మొహాన కొట్టింది.

… ఆ సీక్రెట్ కీ ఇందులో ఉందో లేదో చూడ్డానికా? సరే, కొడుతున్నా. జీ పీ జీ… ఖాళీ… చిన్న గీత… పెద్ద కే. … కొట్టాను.

… ఏమీ రాలేదు. … తప్పని కూడా అనలేదు. కొత్త లైనొచ్చి మినుకుమినుకుమంటోంది.

… ఏమీ రాకపోవడమంటే ఏంటి సార్? … కాస్త అర్థమయ్యేలా చెప్పండి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, అదీ చరిత్రలో.

… అంటే, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి తాళమేసిన పెట్టెలు. తెరిచే కీ వేరే ఫైలు. పాస్‌ఫ్రేజ్ ఆ కీని నిద్రలేపడానికే. … కీయే లేకపోతే లేపేదెవర్ని… ఆ, తెలిసింది.

మరి కీ కూడా ఇందులోనే ఎందుకు పెట్టలేదు? … ఉండండి, అడుగుతా. అన్నయ్యా! కీ ఎక్కడ పెట్టావ్? … రాస్తున్నాడు సార్. … ‘పెట్టె, కీ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టకూడదు.’ … మీ ఆఫీసు రూలా? … ఆయన పెట్టిన రూలేనా! మీ అందర్నీ ఎంత వేపుకు తిన్నాడో పాపం. … ఇంకా రాస్తున్నాడు. ‘కీ కోసం ఇంకో పెన్‌డ్రైవ్ కొన్నా. ఈలోగా ఆపరేషన్ ముందుకు జరిపారు. కీ ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.’

అమ్మయ్య! ఉందట సార్, మీ దగ్గరే ఉందట! ఆ లాప్‌టాప్ ఇప్పుడెవరి దగ్గరుంది? నేనిప్పుడే బయల్దేరతా—

… సార్?

… ఆ లాప్‌టాప్‌ని ఏం చేశారు?

… అందులోవన్నీ తుడిచేశారా.

… వెనక్కి రప్పించలేమా? షాపుల్లో చేస్తారంటారు కదా, చెరిపేసిన ఫొటోలు అవీ… … ఆ… … ఉన్నదాని మీద ఏదో ఒకటి రాసి… … దాని మీద మళ్ళీ రాసి. … అలా చెయ్యాలని ఎవరు— … అన్నయ్యే నేర్పాడా.

… ఎవరు చేశారు సార్ అది?

…

… లేదు, లేదు. మిమ్మల్ని నేనెందుకంటాను? అప్పగించిన లాప్‌టాప్ తుడవడం మీ పని. … మీకెలా తెలుస్తుంది అందులో ఏముందో? ఆయనేమో మాట్లాడే స్థితిలో లేడు. … సార్, మిమ్మల్ని మీరు అంతంత మాటలనుకోకండి.

… వాళ్ళకీ రాశాను, రికార్డింగులు దాచిన కంపెనీకి. కొత్త పాస్‌వర్డ్ లింకు మెయిల్‌కే పంపుతారట. మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఈ పెట్టెల్లోనే. ఫోన్‌కి పంపమంటే అది ఆఫీసు సిమ్. … అవును, లాప్‌టాప్‌తో పాటే తిరిగిచ్చేశాడు, మీవాళ్ళు ఆ నంబరూ ఆపేశారట. అన్నీ పద్ధతిగా అప్పజెప్పాడు.

… వీడియోలా? తీసేది ఆయనే కదా సార్, ఎప్పుడూ కెమెరా వెనకే. ఒకదాంట్లో మాత్రం ‘ఇటు చూడు’ అంటాడు. అంతే. యాప్‌కి అది ఏ మూలకీ చాలదట.

… వేరే గొంతులున్నాయి, పెట్టి చూశాం. రైల్వే స్టేషన్‌లో ప్రకటనలా చదువుతుంది. ‘బుజ్జీ, ఇలా రా’ అని టైపు చేశాడు. వాళ్ళ పాప వెళ్ళి వదిన వెనక దాక్కుంది. … లేదు, అన్నయ్య మళ్ళీ పెట్టనివ్వలేదు.

… ఇటే చూస్తున్నాడు. నా మొహం చూసే కనిపెట్టేసినట్టున్నాడు. … ఏదో రాస్తున్నాడు. చదవమంటున్నాడు. ‘సరిగ్గా తుడిచాడా, అడుగు.’ … ఏం చెప్పమంటారు సార్? … నిజమే చెప్పనా? … సరిగ్గానే తుడిచారట అన్నయ్యా. … … తలూపాడు. పలక పక్కన పెట్టేశాడు.

… సార్, ఏడవకండి. మీరేడిస్తే నేనిక్కడ నిలబడలేను.

ఒక్కటడగనా? ఆయన మీటింగ్ గదిలో రికార్డు చేస్తున్నప్పుడు ఎవరూ రాకుండా తలుపు బయట మీరే కూర్చున్నారట కదా. … అంతా విన్నారా? … ఆయన నవ్వింది కూడానా? … ఆ గొంతు నాకు అప్పుడే చెదిరిపోతోంది సార్. పుట్టినప్పట్నుంచీ విన్నదాన్ని, పొద్దున కళ్ళు మూసుకుని వెతుక్కున్నా, నా పేరు పిలిచినట్టు అనిపించింది కానీ ఆ గొంతు ఆయనది కాదు. ఏదో గొంతు.

… పాపకి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. ఎప్పుడో అడుగుతుంది, నాన్న ఎలా మాట్లాడేవాడని. వదిన ఒకలా చెబుతుంది, నేనొకలా చెబుతాను. … వినిపించలేరు, తెలుసు. ఎవరూ వినిపించలేరు. అయినా… ఆ రికార్డు చేసిన మాటలన్నీ విన్నది మీరొక్కరే కదా. ఆ గొంతు మర్చిపోకండి సార్. మా అన్నయ్యని గుర్తుపెట్టుకోండి.

… ఉంటాను.