కీచుమనే తలుపు

ఎడారి గనుల ఊరు బ్రోకెన్ హిల్ శివారున, చనిపోయిన అన్న కారు తలుపును వదిన ఎదుట తెరిచి మూసి చూస్తున్నాడు తమ్ముడు.

“కీలు బాగానే ఉంది వదినా. మోగేది తలుపును ఆపే పట్టీ. ఎర్రదుమ్ము దూరి ఎండిపోయింది.”

“గ్రీజు పెట్టు మరి.”

“అన్నయ్య పదేళ్ళు ఈ మోతతోనే తిరిగాడు. ఇప్పుడేం తొందర?”

“కుక్క కోసం. ఈ మోత వినగానే పరిగెత్తుకొస్తుంది. నన్ను దాటిపోయి, సీట్లోకి తొంగి చూసి, వెనక్కెళ్ళి పడుకుంటుంది. నేను చూడలేకపోతున్నాను.”

అతను పట్టీ తుడిచి గ్రీజు పూశాడు.

“ఇప్పుడు తీసి చూడు.”

ఆమె తలుపు తీసింది. వరండాలో కుక్క తల కూడా ఎత్తలేదు.

“దాని బాధ తీరినట్టే వదినా.”

“తీరింది. ఇక ఈ ఇంట్లో మీ అన్న కోసం చూసేది నేనొక్కదాన్నే.”