కాటుక చుక్క

మధ్యాహ్నపు ఎండ తెరల్లోంచి జారి మంచం మీద నీళ్ళలా ఊగుతోంది. కవల అక్క మెడ మీది పుట్టుమచ్చను చెల్లెలు నిద్రకళ్ళతో చూస్తోంది.

“అక్కా, కదలకు. ఇది గుండ్రంగా ఉండేది కదూ?”

“మిరియపు గింజలా! దాన్ని చూసేగా అమ్మ మనల్ని పోల్చుకునేది.”

“ఇప్పుడు అంచు చెదిరిందే. ఒకవైపు నలుపు, ఒకవైపు ఎరుపు.”

“ప్రతి మచ్చా క్యాన్సరేనా, పిచ్చిదానా?”

“కాదు. మారకుండా ఉండేవాటితో భయం లేదు. ఇది మారింది. రేపు డాక్టరుకి చూపిద్దాం.”

“సూది గుచ్చుతారేమోనే.”

చెల్లెలు నవ్వబోయి ఆగింది.

“చిన్నప్పుడు నీ సూది కూడా నేనే పొడిపించుకున్నాను, మెడ మీద కాటుక చుక్క పెట్టుకుని.”

“ఈసారీ పెట్టుకో మరి.”

“పెట్టుకునే వస్తాను. కానీ ఈసారి నీ పక్కన కూర్చోడానికే.”